చెరిపినా చెరగనిది

పలక మీద బలపంతో రాసిన అక్షరం తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కాగితం మీద సిరాతో రాసినదాన్ని చెరపబోతే మరక మిగులుతుంది. తాటాకు మీద గంటంతో గీసి మసి పూసిన అక్షరాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. ఆకునే అగ్నికి అర్పించాలి. రాతకు ఆధారమైన వస్తువు మారినప్పుడల్లా చెరిపే పద్ధతీ మారుతూ వచ్చింది. ఐతే ఈ మూడింటికీ సమానధర్మం ఒకటుంది. అక్షరం నిలిచిందో పోయిందో కన్నే చెబుతుంది. కంప్యూటరులోని డిస్కు దగ్గరికి వచ్చేసరికి ఈ ధర్మం తారుమారైంది. అక్కడ కంటికి కనిపించకుండా పోయినది నిజంగా పోయినట్లు కాదు. కనిపించే అనవసరపు వస్తువు ఒక్కొక్కసారి యంత్రానికి ప్రాణాధారమై ఉంటుంది.

నేడు అనేక గృహాల్లో, కార్యాలయాల్లో ఒకే కంప్యూటరులో రెండు డిస్కులు ఉండడం సాధారణమైంది. కొన్నేళ్ల కిందట కొన్న యంత్రం మందగించినప్పుడు దాన్ని పారవేయకుండా, అందులో కొత్తగా ఒక సాలిడ్ స్టేట్ డ్రైవును అమర్చి, దానిలో విండోస్‌ను సరికొత్తగా స్థాపించుకోవడం తక్కువ ఖర్చుతో తేలే ఉపాయం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ తన సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. అందువల్ల ఇటీవల ఈ మార్గం పట్టినవారి సంఖ్య తక్కువేమీ కాదు. కొత్త డ్రైవు పని అందుకోగానే యంత్రం చురుకుదనం తెచ్చుకుంటుంది. పాత హార్డ్ డిస్కు మాత్రం అదే పెట్టెలో, పాత విండోస్‌తో, పాత కార్యక్రమాలతో, ఏళ్ల తరబడి చేరిన దస్త్రాలతో మౌనంగా తిరుగుతూనే ఉంటుంది.

ఆ పాత డిస్కును ఖాళీ చేసి నిల్వకు వాడుకోవచ్చు, అమ్మివేయవచ్చు, అవసరమున్న వేరొకరికి ఇవ్వవచ్చు. ఏది చేయదలచినా ముందుగా దాన్ని చెరపాలి. ఇందులో పొంచి ఉన్న ప్రమాదాలు రెండు. చెరపకూడనిది చెరిగిపోవడం ఒకటి, చెరగవలసినది మిగిలిపోవడం రెండవది. మొదటిదానివల్ల నష్టపోయేది మనమే. రెండవదానివల్ల నష్టపోయేది తరచుగా ఇతరులు.

రెండవ ప్రమాదం ఎంతటిదో తెలియాలంటే మన పట్టణాల్లో దరఖాస్తులు నింపిపెట్టే చిన్న దుకాణాలను తలచుకుంటే చాలు. కుల ధ్రువపత్రం కోసం వచ్చిన విద్యార్థి, పింఛను కోసం వచ్చిన వృద్ధురాలు, పొలం పాసుపుస్తకం నకలు తీయించుకునే రైతు – వీరందరి ఆధార్ ప్రతులు, ఛాయాచిత్రాలు, వేలిముద్రలు పడిన కాగితాలు, బ్యాంకు ఖాతా వివరాలు స్కానరు గుండా ఆ దుకాణపు కంప్యూటరులోకి చేరతాయి. పని పూర్తయిన తరువాత వారు వెళ్లిపోతారు, ప్రతులు ఉండిపోతాయి. మూడేళ్లు గడిచేసరికి ఆ డిస్కులో ఒక మండలంలోని సగం కుటుంబాల వివరాలు పోగుపడి ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆ డిస్కు యజమాని దాన్ని ఐదారు వందలకు అమ్మినప్పుడు నిజానికి అమ్ముడుపోయేది ఇనుపపెట్టె మాత్రం కాదు. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, ప్రయోజనం తీరిన పిమ్మట అటువంటి సమాచారాన్ని తొలగించే బాధ్యతను సేకరించినవారి మీదనే ఉంచింది. చట్టం సంగతి అటుంచినా, నమ్మి ఇచ్చిన కాగితాన్ని పదిలంగా చూడడం, పని తీరాక దాన్ని పరులపాలు కాకుండా కాపాడడం పాతకాలపు కరణానికీ తెలిసిన ధర్మమే.

హార్డ్ డిస్కు నిర్మాణం తెలిస్తే చెరపడంలోని చిక్కు తేలికగా బోధపడుతుంది. మొట్టమొదటి హార్డ్ డిస్కును ఐబీఎం సంస్థ 1956లో తన రామాక్ అనే కంప్యూటరుతోపాటు వెలువరించింది. రెండడుగుల వ్యాసం గల 50 పళ్లేలను ఒకదానిపై ఒకటి పేర్చి తయారుచేసిన ఆ బృహద్యంత్రంలో పట్టినది సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఇప్పటి సెల్‌ఫోను తీసే ఒక్క ఛాయాచిత్రానికి అది చాలీచాలని చోటు. నేటి డిస్కు అరచేతిలో ఇమిడిపోయినా మూలసూత్రం మాత్రం మారలేదు. అల్యూమినియంతోగాని గాజుతోగాని చేసిన పళ్లెం మీద పలుచని అయస్కాంతపు పూత ఉంటుంది. అది నిమిషానికి 5400 లేక 7200 సార్లు తిరుగుతుంటే, దానిని తాకీ తాకనంత ఎత్తులో కదలాడే ఒక చిన్న శిరస్సు ఆ పూతలోని సూక్ష్మభాగాలను ఒక దిశలోగాని మరొక దిశలోగాని అయస్కాంతీకరిస్తుంది. ఆ దిశల వరుసే మనం రాసిన లేఖ, మనం తీయించుకున్న చిత్రం.

లక్షలాది దస్త్రాలు నిండిన పళ్లెం మీద ఏది ఎక్కడ ఉన్నదో తెలియాలి కదా! అందుకోసం డిస్కులో ఒకచోట విషయసూచిక వంటి పట్టిక ఉంటుంది. ఫలానా దస్త్రం పేరు ఇది, పరిమాణం ఇంత, అది ఈ ఈ గళ్లలో ఉన్నది అని అందులో నమోదై ఉంటుంది. మనం ఒక దస్త్రాన్ని తొలగించినప్పుడు, చెత్తబుట్టను సైతం ఖాళీ చేసినప్పుడు, హార్డ్ డిస్కులో జరిగేది ఆ నమోదును రద్దుచేయడమే. ఈ గళ్లు ఇకమీదట ఖాళీ, ఎవరైనా వాడుకోవచ్చు అని పట్టికలో గుర్తు పెడతారు. గళ్లలోని రాత చెక్కుచెదరదు. అడంగల్‌లో రైతు పేరు కొట్టివేసినంత మాత్రాన చేలోని పైరు మాయమవుతుందా? వేరొకరు వచ్చి దున్ని, మరొక పంట వేసేదాకా అది అక్కడే ఉంటుంది. పట్టికను పట్టించుకోకుండా నేరుగా చేలోకి దిగి చూసే కార్యక్రమాలు అనేకం ఉచితంగా లభిస్తున్నాయి. పొరపాటున తొలగించిన దస్త్రాలను అవి తిరిగి తెచ్చి పెడతాయి. ఉపకారానికి పుట్టిన ఆ విద్య అపకారానికీ అక్కరకు వస్తుంది.

తొలగించడం చాలనప్పుడు ఫార్మాట్ చేస్తే సరిపోతుందని అనేకుల విశ్వాసం. ఫార్మాట్‌లో రెండు రకాలున్నాయి. కొద్ది క్షణాల్లో ముగిసే త్వరిత ఫార్మాట్ పాత పట్టిక స్థానంలో కొత్త పట్టికను పెడుతుంది. గళ్ల జోలికి పోదు. పూర్తి ఫార్మాట్ సంగతి వేరు. 2007లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని, పూర్తి ఫార్మాట్ ఆ విభాగంలోని ప్రతి గడిలోనూ సున్నాలను నింపుతుంది. అంతకు ముందరి విండోస్ ఎక్స్‌పీలో పూర్తి ఫార్మాట్ సైతం గళ్లు బాగున్నవో లేవో పరీక్షించేదేగాని, వాటిలోని రాతను చెరిపేది కాదు. గంటల తరబడి సాగిన పని కనుక అంతా చెరిగిపోయి ఉంటుందని ఆనాడు నమ్మినవారు భ్రమపడినట్లే.

ఈ భ్రమ ఎంత విస్తృతమో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధన చేస్తుండిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాత్ అనే ఇద్దరు నిరూపించారు. వారు 2000 నవంబరు నుంచి 2002 ఆగస్టు వరకు వాడిన హార్డ్ డిస్కులను 158 దాకా కొన్నారు. వాటిలో పనిచేసినవి 129. ఆ 129లో సరిగా చెరిపినవి కేవలం 12! మిగిలినవాటిలో వైద్యులకు సంబంధించిన లేఖలు, ప్రేమలేఖలు, ఐదువేలకు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు బయటపడ్డాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలో నగదు పంచే యంత్రంలో పనిచేసిన డిస్కు కూడ అందులో ఒకటి. ఏడాది కాలపు లావాదేవీలు దానిలో అట్లాగే ఉన్నాయి. ఈ పరిశీలన ఫలితాలు 2003లో ప్రచురితమయ్యాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ డిస్కుల యజమానులందరూ అజాగ్రత్తపరులు కారు. చాలామంది దస్త్రాలను తొలగించారు. ఫార్మాట్ చేసినవారూ ఉన్నారు. వారు చేతనైనంత చేశారు. యంత్రం చెప్పిన మాటను నమ్మారు, అంతే.

ఇక మొదటి ప్రమాదానికి వద్దాం. రెండు డిస్కులున్న యంత్రంలో పాతదాన్ని చెరపగానే కొత్తది కూడ పనిచేయకపోవడం తరచుగా వినవచ్చే ఫిర్యాదు. కొత్త విండోస్ కొత్త డ్రైవులో భద్రంగా ఉన్నది కదా, పాతదాన్ని చెరిపితే దీనికేమైంది అని ఆశ్చర్యపడతారు. దీనికి కారణం కంప్యూటరు మేలుకొనే విధానంలో ఉంది. విద్యుత్తు అందగానే యంత్రానికి విండోస్ అంటే ఏమిటో తెలియదు. మదర్‌బోర్డు మీది ఒక చిన్న కార్యక్రమం మేలుకొని, విండోస్‌ను లేపగల దూత ఏ డిస్కులో ఉన్నదో వెదకుతుంది. ఆ దూతకు బూట్ లోడర్ అని పేరు. విండోస్ ఇంటి యజమాని అయితే, బూట్ లోడర్ వీధి తలుపు దగ్గరి కావలివాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలన్న నియమం లేదు. పాత డిస్కును తగిలించి ఉంచి కొత్త డ్రైవులో విండోస్‌ను స్థాపించినప్పుడు, స్థాపక కార్యక్రమం పాత డిస్కులో కావలివాడు ఇదివరకే ఉన్నట్లు కనిపెట్టి, కొత్త యజమాని చిరునామాను కూడ అతనికే అప్పగిస్తుంది. కొత్త డ్రైవులో వేరొక కావలివాడిని నియమించదు. ఆ సంగతి మనకు చెప్పదు. పాత డిస్కును చెరిపిన నాడు కావలివాడు పోతాడు. లోపల యజమాని క్షేమంగా ఉన్నా తలుపు తీసేవారుండరు.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ అనే పట్టికను తెరిస్తే ఈ గుట్టు కొంత తెలుస్తుంది. డిస్కులన్నీ వాటి విభాగాలతో సహా అందులో వరుసగా కనిపిస్తాయి. కొన్నింటి మీద సిస్టమ్ అని, కొన్నింటి మీద బూట్ అని రాసి ఉంటుంది. ఇక్కడ నామకరణం చేసినవారి చమత్కారాన్ని మెచ్చుకోవాలో విసుక్కోవాలో తెలియదు. బూట్ లోడర్ ఉన్న విభాగాన్ని సిస్టమ్ అని, విండోస్ వ్యవస్థ ఉన్న విభాగాన్ని బూట్ అని పిలిచారు! తలకిందులైన ఈ పేర్లను మనసులో ఉంచుకొని చూడాలి. సిస్టమ్ అనే మాట పాత డిస్కులోని విభాగం మీద కనిపిస్తే, మనం చెరపదలచిన చోటనే కావలివాడు ఉన్నాడన్నమాట. సుమారు 100 మెగాబైట్లుండే ఆ చిన్న విభాగాన్ని చూసి, ఇంత చిన్నదానితో పనేమిటని తొలగించినవారు కష్టాలపాలయ్యారు.

మరొక చిక్కు అక్షరాలది. సీ, డీ, ఈ అనే అక్షరాలు డిస్కులకు పుట్టుకతో వచ్చిన పేర్లు కావు. నడుస్తున్న విండోస్ తన సౌకర్యం కోసం పెట్టుకునే పిలుపులు. కొత్త విండోస్ నడుస్తున్నప్పుడు కొత్త డ్రైవు సీ అవుతుంది. పొరపాటున పాత విండోస్‌తో యంత్రం లేచిన నాడు పాత డిస్కే సీ అవుతుంది, కొత్తది డీ అవుతుంది. అట్లాగే డిస్క్ 0, డిస్క్ 1 అనే సంఖ్యలు కూడ శాశ్వతం కావు. ఇంట్లో చిన్నవాడిని అమ్మ ఒక పేరుతో, బడిలో మాస్టారు మరొక పేరుతో పిలిచినట్లు ఇది. కనుక చెరపవలసిన డిస్కును అక్షరాన్ని బట్టిగాని సంఖ్యను బట్టిగాని గుర్తించరాదు. తయారీదారు ముద్రించిన నమూనా సంఖ్యను, పరిమాణాన్ని చూసి గుర్తించాలి. రెండు డిస్కుల పరిమాణమూ ఒకటే అయినప్పుడు నమూనా సంఖ్యే శరణ్యం.

ఈ నేపథ్యం తెలిసినవారు చెరిపే ఆజ్ఞ జోలికి వెంటనే పోరు. ముందుగా పాత డిస్కులో దాచుకోవలసినవి ఏవేవి ఉన్నాయో వెదకుతారు. డాక్యుమెంట్లు, చిత్రాలు, డెస్క్‌టాప్ మీది దస్త్రాలు ఎవరికైనా గుర్తుంటాయి. గుర్తురానివే కొంప ముంచుతాయి. వ్యాపారి లెక్కల కార్యక్రమం తన సమాచారాన్ని వేరొక ఫోల్డరులో దాచి ఉంచవచ్చు. ఉత్తరాలను కంప్యూటరులోకి దించుకొని చదివే అలవాటున్నవారి పదేళ్ల ఉత్తరప్రత్యుత్తరాలు ఒకే ఒక్క పెద్ద దస్త్రంలో ఉండవచ్చు. తెలుగు ముద్రణారంగంలో పనిచేసేవారి కష్టం ప్రత్యేకమైనది. యూనికోడ్ వాడుక వ్యాపించక మునుపు అను ఖతులతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు లెక్కలేనన్ని. ఆ ఖతులు లేని యంత్రంలో ఆ దస్త్రాలను తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు బారులు తీరి కనిపిస్తాయి. దస్త్రాన్ని కాపాడి ఖతిని చెరిపివేస్తే పుస్తకాన్ని కాపాడినట్లు కాదు. అందువల్ల పాత డిస్కులోని ఫాంట్స్ ఫోల్డరును కూడ పదిలపరచడం అవసరం.

నకలు తీయడంతో పని ముగియదు. నకలును తెరిచి చూడాలి. పాత డిస్కు వయసు మీరినదైతే కొన్ని గళ్లు చెడిపోయి ఉంటాయి. నకలు తీసే వేళ ఆ దస్త్రాలు సగంలో ఆగిపోయి ఉండవచ్చు. నకలు కొత్త డ్రైవులో ఒకటి, యంత్రం వెలుపల ఒకటి ఉండడం మేలు. చెరిపే పని ముగిసేదాకా వెలుపలి నకలును యంత్రానికి తగిలించి ఉంచరాదు. తగిలించి ఉన్న ప్రతి డిస్కూ చెరిగిపోగల డిస్కే. కొత్త డ్రైవుకు బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉన్నట్లయితే, దాని 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకోవాలి. బూట్ అమరికలలో మార్పు రాగానే యంత్రం ఆ సంఖ్యను అడుగుతుంది. ఆ సంఖ్య లేకపోతే సొంత సమాచారమే మనకు అందకుండా పోతుంది.

ఆ తరువాత చేయవలసిన పరీక్ష ఎంతో సులువైనది, ఐనా అత్యధికులు చేయనిది. కంప్యూటరును పూర్తిగా ఆపివేసి, విద్యుత్ తీగ ఊడదీసి, పెట్టె తెరిచి, పాత డిస్కుకు వెళ్లే తీగలను విప్పి పక్కన పెట్టాలి. మళ్లీ యంత్రాన్ని నడపాలి. కొత్త విండోస్ యథాప్రకారం లేచిందా, కావలివాడు కొత్త ఇంట్లోనే ఉన్నట్లు. నల్లని తెర మీద బూట్ చేయదగిన సాధనమేదీ కనిపించలేదన్న సందేశం వస్తే, అతడు పాత డిస్కులో ఉన్నట్లు. ఇంతవరకు ఏమీ చెరపలేదు కనుక నష్టమేమీ లేదు. పాత తీగను మళ్లీ తగిలిస్తే చాలు, యంత్రం మునుపటిలాగే లేస్తుంది. ఎన్ని పట్టికలు చదివినా కలగని నిశ్చయం ఈ ఒక్క పరీక్షతో కలుగుతుంది. నా ఉద్దేశంలో ఈ వ్యాసంలో ఒక్క పేరాను మాత్రమే జ్ఞాపకం ఉంచుకోదలచినవారు దీన్నే ఉంచుకోవాలి.

పరీక్షలో విఫలమైతే కొత్త డ్రైవులో కావలివాడిని నియమించాలి. విండోస్‌లోనే ఇందుకు బీసీడీబూట్ అనే ఆదేశం ఉంది. కొత్త డ్రైవులో ఒక చిన్న విభాగాన్ని ఏర్పరచి, ఆ ఆదేశం ద్వారా విండోస్ ఫోల్డరు నుంచి బూట్ దస్త్రాలను దానిలోకి చేర్చవచ్చు. పాత పద్ధతి యంత్రాలకూ, యూఈఎఫ్ఐ పద్ధతి యంత్రాలకూ ఆ విభాగం తీరు కొంత వేరుగా ఉంటుంది కనుక అనుభవజ్ఞుల సాయం తీసుకోవడం మంచిది. ఇది కష్టమనిపించినవారికి మరొక దారి ఉంది. కొత్త డ్రైవులో ఇంకా పెద్దగా ఏమీ చేరకపోతే, పాత డిస్కును ఊడదీసి ఉంచి విండోస్‌ను మరొకసారి స్థాపించుకోవచ్చు. అప్పుడు స్థాపక కార్యక్రమానికి వేరే దిక్కు ఉండదు; కావలివాడిని కొత్త ఇంట్లోనే పెడుతుంది. నిజానికి మొదటిసారే అట్లా చేసి ఉంటే ఈ చర్చే అవసరం లేదు.

యంత్రం సొంతంగా లేవడం మొదలుపెట్టాక కూడ తొందరపడవలసిన పని లేదు. తీగ విప్పిన పాత డిస్కును రెండు మూడు వారాలు బీరువాలో ఉంచి, కొత్తదానితోనే పనులన్నీ నడపాలి. నెలాఖరు లెక్కలు రాసేటప్పుడో, పరీక్ష రుసుము రసీదు వెదకేటప్పుడో మరచిన దస్త్రం ఏదైనా ఉంటే అప్పుడు గుర్తుకు వస్తుంది. పక్షం రోజుల ఓపిక ఏ సాంకేతిక నైపుణ్యానికీ తీసిపోదు.

చెరిపే రోజున అన్నిటికంటె భద్రమైన పద్ధతి, పాతదాన్ని తగిలించి కొత్తదాన్ని ఊడదీయడం. విండోస్ స్థాపక యూఎస్‌బీతో యంత్రాన్ని లేపి, అందులోని ఆదేశాల తెర నుంచి పని చేయవచ్చు. యంత్రంలో ఉన్న డిస్కు ఒక్కటే అయినప్పుడు పొరపాటున వేరొకదాన్ని చెరిపే అవకాశమే ఉండదు. ఐతే ఆ యూఎస్‌బీ కూడ జాబితాలో ఒక డిస్కుగా కనిపిస్తుందని మరువరాదు. డిస్క్‌పార్ట్ అనే కార్యక్రమాన్ని పిలిచి, లిస్ట్ డిస్క్ అన్న ఆదేశంతో జాబితా చూసి, పరిమాణం సరిపోల్చి, డిస్కును ఎంపిక చేయాలి. ఇక మిగిలినది ఒక్క ఆదేశం. ఇక్కడ కూడ రెండు మాటలు వేరుపడతాయి. క్లీన్ అన్న ఆదేశం విభాగాల వివరాలను మాత్రమే తుడిచి క్షణంలో ముగుస్తుంది. దస్త్రాలలోని రాత నిలిచే ఉంటుంది. క్లీన్ ఆల్ అన్న ఆదేశం మొదటి గడి నుంచి చివరి గడి దాకా సున్నాలు రాసుకుంటూ పోతుంది. మీరు నిశ్చయించుకున్నారా అని అది అడగదు. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో రాయగల డిస్కులో ఒక టెరాబైటును నింపడానికి పదివేల సెకన్లు, అనగా దాదాపు రెండు గంటల 47 నిమిషాలు పడుతుంది. పాత డిస్కులు అంత వేగాన్ని చివరిదాకా నిలుపుకోలేవు కనుక రాత్రంతా పడుతుందనుకొని కూర్చోవడం మంచిది. మధ్యలో విద్యుత్తు పోయినా కంగారుపడనక్కరలేదు. మొదటినుంచి మళ్లీ ప్రారంభిస్తే సరిపోతుంది.

ఒక్కసారి సున్నాలు రాస్తే చాలునా, ఏడుసార్లు రాయాలా, 35 సార్లు రాయాలా అన్న వాదం చిరకాలం సాగింది. న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ గట్‌మన్ 1996లో ప్రచురించిన ఒక పరిశోధనపత్రం దీనికి మూలం. ఆనాడు వాడుకలో ఉన్న వివిధ రకాల డిస్కులన్నింటికీ సరిపోయేలా ఆయన 35 రాతల వరుసను సూచించాడు. ఏ ఒక్క డిస్కుకూ ఆ 35 రాతలూ అవసరం కావని ఆయనే తరువాత వివరించాడు. లోకం మాత్రం కారణాన్ని వదిలి సంఖ్యను పట్టుకుంది! అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ 2006లో వెలువరించిన మార్గదర్శకాలు, ఆధునిక హార్డ్ డిస్కులకు ఒక్కసారి పూర్తిగా తిరగరాయడం సాధారణ అవసరాలకు చాలునని తేల్చాయి. 35 సార్లు రాస్తూ వారం రోజులు యంత్రాన్ని అరగదీయడం వృథా ప్రయాస.

పాత డిస్కు తిరిగే పళ్లేల హార్డ్ డిస్కు కాక, అది కూడ సాలిడ్ స్టేట్ డ్రైవే అయితే పై పద్ధతి పూర్తిగా పనికిరాదు. సాలిడ్ స్టేట్ డ్రైవులో పళ్లేలు లేవు. విద్యుదావేశాన్ని బంధించి ఉంచే సూక్ష్మకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణాన్ని చెరిపి రాయడానికి ఒక పరిమితి ఉంది. కొన్ని కణాలే త్వరగా అరిగిపోకుండా డ్రైవులోని నియంత్రకం రాతలను అన్ని కణాలకూ పంచుతూ ఉంటుంది. మనం ఒకే చోట తిరగరాస్తున్నామని అనుకుంటాం; నియంత్రకం కొత్త రాతను వేరొక చోట రాసి, పాతదాన్ని పనికిరానిదిగా గుర్తుపెట్టి ఊరకుంటుంది. పైగా మనకు చూపే పరిమాణం కంటె కొన్ని కణాలను అది అదనంగా తనవద్ద దాచుకుంటుంది. వాటిని మన ఆదేశాలు చేరలేవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో ప్రాంగణ పరిశోధకులు 2011లో ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా చూపారు. ఒక్కొక్క దస్త్రాన్ని విడిగా తిరగరాసి చెరపాలని చూసిన పద్ధతులేవీ ఆ డ్రైవులలో ఫలించలేదు. డ్రైవు మొత్తాన్ని రెండుసార్లు తిరగరాస్తే చాలావరకు ఫలించిందిగాని అన్ని వేళలా కాదు.

అటువంటి డ్రైవులకు చెరుపును నియంత్రకానికే అప్పగించాలి. సెక్యూర్ ఎరేజ్, శానిటైజ్ అనే ఆదేశాలు ఇందుకోసమే ఏర్పడ్డాయి. తయారీదారు ఇచ్చే కార్యక్రమం ద్వారాగాని, కొన్ని మదర్‌బోర్డుల అమరికల తెర ద్వారాగాని వాటిని పంపవచ్చు. తనకు మాత్రమే తెలిసిన అదనపు కణాలతో సహా నియంత్రకం అన్నింటినీ ఖాళీ చేస్తుంది. అనేక డ్రైవులలో ఇది కొద్ది నిమిషాల పని. ఐతే ఆ పరిశోధకులే మరొక హెచ్చరిక చేశారు. కొన్ని డ్రైవులలో ఈ ఆదేశం సరిగా అమలు కాలేదు. చెరిపినట్లు బదులిచ్చి చెరపని డ్రైవు కూడ వారికి ఎదురైంది. యంత్రం మాటను నమ్మి ఊరకుండరాదనడానికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి?

కనుక చెరిపిన తరువాత పరీక్షించడం విధి. దస్త్రాలను తిరిగి తెచ్చే కార్యక్రమాల గురించి పైన చెప్పుకున్నాం. పరుల చేతికి చిక్కకముందే వాటిలో ఒకదానిని మనమే ప్రయోగించి చూడాలి. ఒక్క దస్త్రమూ దొరకకపోవడం మంచి సూచన. ముడి గళ్లను చూపే కార్యక్రమంతో డిస్కు మొదట, నడుమ, చివర కొన్ని చోట్ల చూసినప్పుడు సున్నాలు తప్ప మరేమీ కనిపించకపోతే హార్డ్ డిస్కు విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

అసలు మొదటినుంచి డిస్కును రహస్యలిపిలో ఉంచినవారికి ఈ బాధలన్నీ సగానికి సగం తగ్గుతాయి. వారు చెరపవలసినది ప్రధానంగా తాళంచెవిని. తాళంచెవి పోయిన రాత ఎవరికి దొరికినా అర్థంలేని అక్షరాల రాశి మాత్రమే. కొత్త డ్రైవుకు మొదటి రోజునే ఆ ఏర్పాటు చేసుకుంటే, దాని వంతు వచ్చిన నాడు పని తేలికవుతుంది.

పూర్తిగా చెడిపోయి, ఏ ఆదేశాన్నీ వినని డిస్కుల సంగతి మిగిలింది. పనిచేయడం మానిన డిస్కులో సమాచారం కూడ నశించిందనుకోవడం తగదు. చెడినది నడిపే భాగం కావచ్చు, పళ్లేల మీది రాత అట్లాగే ఉండవచ్చు. అటువంటివాటిని భౌతికంగా ధ్వంసం చేయడమే మార్గం. మరమేకులు విప్పి పళ్లేలను వెలికితీసి, పలుచోట్ల రంధ్రాలు చేసి, వంచివేయాలి. చిన్న డిస్కులలో పళ్లేలు గాజువై ఉంటాయి. దెబ్బ తగలగానే అవి సూదుల్లాంటి ముక్కలుగా పగిలి ఎగురుతాయి కనుక కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా ఈ పనికి పూనుకోరాదు. సాలిడ్ స్టేట్ డ్రైవులోనైతే పలక మీద అతికించి ఉన్న ప్రతి స్మృతిచిప్‌నూ పగలగొట్టాలి. ఒక్కటి మిగిలినా అందులో కొంత రాత మిగిలినట్లే. డిస్కులను చెత్తతోపాటు తగలబెట్టడం మాత్రం ఎంతమాత్రమూ కూడదు. వాటిలోని ప్లాస్టిక్, లోహాలు విషధూమాన్ని వెదజల్లుతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, ఇటువంటి శకలాలను కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన పునశ్శుద్ధి కేంద్రాలకు చేర్చవలసి ఉంటుంది. అక్కడ పళ్లేల్లోని అల్యూమినియం, పలకల్లోని రాగి, బంగారం వేరుచేయబడి మళ్లీ కర్మాగారాలకు వెళతాయి.